మీడియం ఫార్మాట్ ఎవరికి గిట్టుబాటు?

నలుగురు ఫొటోగ్రాఫర్లు కూడినచోట మీడియం ఫార్మాట్ మాట వచ్చిందంటే చర్చ రెండుగా చీలిపోతుంది. "ఆ రంగులు, ఆ లోతు ఫుల్ ఫ్రేమ్‌లో ఎక్కడొస్తాయండీ" అని కొందరు. "కస్టమర్‌కి ఆ తేడా ఏం తెలిసి చచ్చింది, లక్షలు బూడిదలో పోసినట్టే" అని మిగతావాళ్లు. రెండు పక్షాలవాళ్లూ ఫొటోనే చూస్తున్నారు. ఆ ఫొటో ఏ పని కోసం తీశారో, దాన్ని ఎవరు ఎంత దూరం నుంచి చూస్తారో, తీశాక దాని మీద ఎంత చాకిరీ ఉందో లెక్కలోకి రావడం లేదు. కెమెరాతో పొట్టపోసుకునేవాడికి అసలు లెక్క అక్కడే ఉంది. ఆ లెక్క వేసి చూస్తే కొద్దిమందికి ఈ కెమెరా నిజంగానే అన్నం పెడుతుంది. ఎక్కువమందికి మాత్రం అప్పు మిగులుస్తుంది.

ఫిల్ము రోజుల్లో ఈ పంచాయితీ లేదు. కొడాక్ 1901లో తెచ్చిన 120 రోలు, అంటే మీడియం ఫార్మాట్ ఫిల్మే, మన ఊళ్లలో స్టూడియోల్ని దశాబ్దాలపాటు నడిపింది. యాషికా మ్యాట్ మెడలో వేసుకుని, పైనుంచి గ్రౌండ్ గ్లాసులోకి తొంగి చూస్తూ తీసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఇళ్లలోనూ బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీలో పడేది ఆ రోలే. రోలుకు పన్నెండు ఫొటోలు. ఒక్కో నెగటివ్ 35 ఎం.ఎం. నెగటివ్‌కి మూడున్నర రెట్ల పైచిలుకు. దాన్ని కాంటాక్టు ప్రింటు తీసినా చేతిలో పట్టుకుని చూడొచ్చు. రీటచింగ్ చేసే పెద్దాయన పెన్సిలు చెక్కి, నెగటివ్ మీదే మొహంలో మచ్చలు సరిచెయ్యడానికి కూడా చోటుండేది. తర్వాత కలర్ ల్యాబులొచ్చాయి, రోలుకు ముప్ఫై ఆరు ఫొటోలిచ్చే 35 ఎం.ఎం. కెమెరాలొచ్చాయి, పెళ్లిళ్ల పని అటు మళ్లింది. అంటే పెళ్లి పందిరి మీడియం ఫార్మాట్‌ని వదిలేసింది డిజిటల్ రాకముందే. అప్పుడు వదలడానికి వేగమే కారణం. ఇప్పటికీ అదే కారణం.

డిజిటల్ మీడియం ఫార్మాట్‌కి ఒక స్వర్ణయుగం లాంటిది నడిచింది. 2005 తర్వాత ఫేజ్ వన్, హాసెల్‌బ్లాడ్‌ల కెమెరా వెనక తగిలించే 39 మెగాపిక్సెల్ డిజిటల్ బ్యాకులు బజారులోకి వచ్చేనాటికి, 35 ఎం.ఎం. కెమెరాల్లో పెద్దది కానన్ వన్ డీఎస్ మార్క్ టూ. దానిది 16.7 మెగాపిక్సెల్. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెడితే తేడా గుడ్డివాడిక్కూడా కనిపించేది. అయితే ఆ బ్యాకుల ధర కారు ధర. ఐఎస్ఓ 400 దాటితే నాయిసు, వెనక తెర చూసి ఫోకస్ సరిచూసుకునే వీలు అంతంతమాత్రం, నమ్మకంగా చూడాలంటే కంప్యూటరుకి తీగ కట్టి తీయాల్సిందే. స్టూడియో లైట్ల కింద రాజా, బయటికి వస్తే పేద. 2014లో సీమాస్ సెన్సర్లతో ఫేజ్ వన్ ఐక్యూ250, పెంటాక్స్ 645 జెడ్ వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. పెంటాక్స్ బాడీ ధర ఎనిమిదిన్నర వేల డాలర్లు. ఆ తరగతిలో అప్పట్లో అది చవకే. 2016లో హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వన్ డీ, 2017లో ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50 ఎస్ అద్దం తీసేసి కెమెరాని చేతిలో ఇమిడేలా చేశాయి. 2019లో 102 మెగాపిక్సెళ్ల జీఎఫ్ఎక్స్ 100 పదివేల డాలర్లకు వచ్చింది. 2024లో అన్నే మెగాపిక్సెళ్లతో జీఎఫ్ఎక్స్ 100 ఎస్ టూ అయిదు వేల డాలర్లకు దిగింది. మన దగ్గరికి చేరేసరికి పన్నులతో కలిపి ఇంకా పైకి పోతుంది కానీ, "పెద్ద స్టూడియోలకే" అనే రోజులు పోయాయి.

ధర దిగిన ఆ పదేళ్లలోనే తేడా కూడా కరిగిపోయింది. ఎందుకు కరిగిందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు. సోనీ ఏ7ఆర్ ఫోర్‌లో ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు. జీఎఫ్ఎక్స్ 100లో కూడా 3.76 మైక్రాన్లే. ఫేజ్ వన్ వాళ్ల 150 మెగాపిక్సెల్ బ్యాకులోనూ అంతే. చివరికి ఫుజీ చిన్న కెమెరా ఎక్స్-టీ3లోనూ అంతే. ఒకే తానులోంచి నాలుగు కొలతల్లో కోసిన గుడ్డలన్నమాట: చిన్నముక్క 26 మెగాపిక్సెల్, ఫుల్ ఫ్రేమ్ 61, చిన్న మీడియం ఫార్మాట్ 102, పెద్దది 151. నేత ఒకటే, కొలత వేరు. పిక్సెల్ దగ్గరికెళ్లి చూసి "మాది మెత్తగా ఉంది, వాళ్లది గరుకుగా ఉంది" అని వాదించుకోవడం దండగ.

ఆ కొలత తేడా కూడా ఎంతో చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే ఫుజీ, హాసెల్‌బ్లాడ్ సెన్సరు దాదాపు 44 బై 33. వైశాల్యంలో 1.67 రెట్లు. ఫిల్ము రోజుల 6 బై 7 నెగటివ్ ఫుల్ ఫ్రేమ్‌కి నాలుగున్నర రెట్లు ఉండేది. పాత మమియా ఆర్‌బీ చూసి పెరిగిన కళ్లతో ఇప్పటి సెన్సరు మీద ఆశలు పెట్టుకుంటే నిరాశ తప్పదు. అడ్డంగా లెక్కేస్తే 102 మెగాపిక్సెళ్ల ఫైలు 11,648 పిక్సెళ్లు, 61 మెగాపిక్సెళ్లది 9,504. అంటే అడ్డంగా 23 శాతం ఎక్కువ. అంతే.

వెలుతురు విషయంలో సెన్సరు పెద్దదైన మేరకు మూడింట రెండొంతుల స్టాప్ లాభం. నీడల్లోంచి వివరం లాగేటప్పుడు అది కనబడుతుంది. 16 బిట్ అని పెట్టె మీద రాసేది మాత్రం నాకు పెద్దగా ఆనలేదు. 14 బిట్‌లో తీసిన ఫైలుతో పోల్చి చూడాలంటే కటిక చీకటి మూలల్ని నాలుగైదు స్టాపులు పైకెత్తాలి. అలా ఎత్తాల్సి వచ్చిన ఫొటో లైటింగ్ దగ్గరే తప్పినట్టు.

ఇక ఆ "లుక్" సంగతి. వెనకభాగం కరిగిపోయి మనిషి ముందుకొచ్చినట్టు కనబడటం మీడియం ఫార్మాట్ సొత్తని చాలామంది నమ్మకం. లెక్క వేరే చెబుతుంది. ఫుజీ 110 ఎం.ఎం. ఎఫ్2 లెన్సుని ఫుల్ ఫ్రేమ్ భాషలోకి మార్చితే 87 ఎం.ఎం. ఎఫ్1.6 దగ్గర తేలుతుంది. మామూలు 85 ఎం.ఎం. ఎఫ్1.4 లెన్సు అంతకంటే ఎక్కువే కరిగిస్తుంది, కానన్ ఎఫ్1.2 ఇంకా కరిగిస్తుంది. ఫుజీ లెన్సు అద్భుతమే, కాదనను. అంచులదాకా గీత గీసినట్టుంటుంది. కానీ ఆ గొప్పతనం లెన్సుది. ఫార్మాట్ ఖాతాలో వెయ్యకూడదు.

ప్రింటు లెక్కలు

"పెద్ద ప్రింటు కావాలంటే ఇది తప్పదు" అనే మాటని కూడా కాస్త కొలిచి చూడాలి. మామూలు చూపు డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. దాని ప్రకారం రెండడుగుల దూరంలో అంగుళానికి నూట నలభై చుక్కలు దాటితే కన్ను పట్టుకోలేదు. ముప్ఫై అడుగుల దూరంలో అంగుళానికి పది చుక్కలు చాలు.

మన పెళ్లి ఆల్బం తీసుకోండి. పన్నెండు బై ముప్ఫై ఆరు షీటు. ల్యాబువాళ్లు 300 డీపీఐ అడుగుతారు, అంటే అడ్డంగా 10,800 పిక్సెళ్లు. షీటంతా ఒకే ఫొటో పరిస్తే 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6,000. అంగుళానికి 167 పడుతుంది. ఆల్బం ఒళ్లో పెట్టుకుని, చేయి చాచినంత దూరంలో పెట్టి చూసే అత్తగారికి, ఆడపడుచుకి అది సరిపోతుంది. పైగా మన ఆల్బంలో షీటంతా ఒక్క ఫొటో ఉండేది ఎన్ని చోట్ల? మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి రెండు. మిగతావన్నీ నాలుగైదు ఫొటోల కూర్పులే. ఇంకో చిక్కు కూడా ఉంది. మీడియం ఫార్మాట్ ఫ్రేము నాలుగుకు మూడు. మన ల్యాబుల ప్రింట్లు పన్నెండు బై పద్దెనిమిది. పైనా కిందా కోసేస్తే 102లో 90 మెగాపిక్సెళ్లే మిగులుతాయి. ఆల్బం షీటు కొలతకి కోస్తే 45. డబ్బులిచ్చి కొన్న పిక్సెళ్లలో సగం కత్తెరపాలు.

హోర్డింగు సంగతి ఇంకా విడ్డూరం. ఇరవై అడుగుల ఫ్లెక్సీని రోడ్డవతల నుంచి చూసేవాడికి అడ్డంగా 2,400 పిక్సెళ్లు చాలు. పాతికేళ్ల కిందటి డిజిటల్ కెమెరాలు ఇచ్చినంత. సైజు పెరిగేకొద్దీ మెగాపిక్సెళ్లు పెరగాలనేది, ఫ్లెక్సీకి మొహం ఆనించి చూసేవాడికి మాత్రమే వర్తిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టు 1,080 బై 1,350. ఒకటిన్నర మెగాపిక్సెల్. 102 మెగాపిక్సెళ్లలో తీసి అక్కడ పెట్టినవాళ్లు డెబ్బై పిక్సెళ్లకు ఒకటి చొప్పున వాడుకున్నట్టు.

అన్నం పెట్టే పనులు

మరి ఎవరికి పనికొస్తుంది? ముక్కు ఆనించి చూసేవాళ్లు నిజంగానే ఉన్న పనికి. వాటిలో మొదటిది పాత చిత్రాల, పత్రాల నకలు పని. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2022లో రెంబ్రాంట్ గీసిన నైట్ వాచ్ చిత్రాన్ని 717 గిగాపిక్సెళ్ల ఫైలుగా విడుదల చేసింది. హాసెల్‌బ్లాడ్ హెచ్6డీ 400 ఎంఎస్ కెమెరాతో 8,439 ఫొటోలు తీసి కుట్టారు. ఒక్కో ఫొటోలో పట్టింది అయిదున్నర బై నాలుగు సెంటీమీటర్ల ముక్క. పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య ఐదు మైక్రాన్లు. రంగు పొరలో పగుళ్లు, రేణువులు కనిపెట్టి, ఏళ్ల తర్వాత మళ్లీ తీసి పోల్చుకోవడానికి పెట్టిన ఖర్చది. అక్కడ చూసే మనిషి కన్జర్వేటరు. తెర మీద నూటికి నూరుపాళ్లు పెద్దది చేసి చూడటమే ఆయన ఉద్యోగం.

మన దగ్గర ఈ పనికి కొదవ లేదు, చేయించేవాళ్లకే కొదవ. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాలు, తాళపత్రాలు, శ్రీకాళహస్తి కలంకారీ పాత తెరలు, ఇవన్నీ కదలని వస్తువులు. లైటు మన ఇష్టం, సమయం మన ఇష్టం. ఇలాంటి చోట జీఎఫ్ఎక్స్‌లో పదహారు ఫొటోలు కలిపి 400 మెగాపిక్సెళ్లు చేసే పిక్సెల్ షిఫ్ట్ కూడా ఉపయోగపడుతుంది. దాని అసలు లాభం సైజు కాదు. ప్రతి చుక్క దగ్గరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కొలుస్తుంది కాబట్టి లేని రంగులు పుట్టవు. అయినా ఒక మాట. కెమెరా తలం చిత్రానికి సమాంతరంగా లేకపోతే, రెండు లైట్లూ సమానంగా పడకపోతే, కలర్ చార్టు పెట్టకపోతే 400 మెగాపిక్సెళ్లూ బూడిదే. ఈ పని నేర్చినవాడు 45 మెగాపిక్సెళ్లతో తీసిన తాళపత్రం, నేర్వనివాడు 100తో తీసినదానికంటే చదవడానికి బాగుంటుంది.

రెండోది ప్రకటనలు, సినిమా పోస్టర్లు. ఫస్ట్ లుక్ పోస్టరు కోసం హీరోని ఒక మధ్యాహ్నం స్టూడియోలో నిలబెడతారు. ఆ ఒక్క ఫ్రేమునే తర్వాత నిలువు పోస్టరుకి, అడ్డం హోర్డింగుకి, థియేటరు ముందు కటౌట్‌కి, సగం మొహం మాత్రమే కనబడే పుట్టినరోజు పోస్టరుకి కోస్తారు. వెనక ఆకాశం మారుతుంది, మంటలొస్తాయి. జుట్టు కొసల్ని వెంట్రుక వెంట్రుకా విడదీసి తీయాలి. ఇక్కడ ఎక్కువ పిక్సెళ్లుండటం డిజైనరుకి గంటలు మిగులుస్తుంది. ఆ గంటలకి కంపెనీ డబ్బు కడుతుంది. మరోపక్క ఆ డిజైనరు కంప్యూటరు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 102 మెగాపిక్సెళ్ల ఫొటో ఫొటోషాప్‌లో 16 బిట్‌లో తెరిస్తే ఒక్క లేయరే 612 మెగాబైట్లు. పది లేయర్లు పడ్డాయంటే ఆరు జీబీ. మెమరీ తక్కువున్న మిషను అక్కడే చేతులెత్తేస్తుంది.

నగల ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా ఆశపడతారు, నాకు మాత్రం ఆ పనికి ఇది తప్పనిసరని అనిపించదు. కాసులపేరు పడుకోబెట్టి దగ్గరగా తీస్తే ముందు కాసు పదునుగా ఉండి వెనకది అలికినట్టవుతుంది. సెన్సరు పెద్దదయ్యేకొద్దీ ఆ బాధ పెరుగుతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్11 దగ్గర వచ్చే లోతు ఇక్కడ ఎఫ్14 దగ్గర వస్తుంది. అంత మూస్తే డిఫ్రాక్షన్ మొదలై అసలు పదునే తగ్గుతుంది. ఫుజీ 120 ఎం.ఎం. మాక్రో సొంతంగా వెళ్లేది సగం సైజు దాకానే. కాబట్టి ఎలాగూ ఫోకస్ మార్చి మార్చి ఇరవై ముప్ఫై ఫ్రేములు తీసి కలపాల్సిందే. ఆ పని ఏ కెమెరాతోనైనా చేయొచ్చు. చీరల క్యాటలాగుకి ఇంకో తిప్పలుంది. ఈ కెమెరాల్లో లోపాస్ ఫిల్టరు ఉండదు. జరీ అంచు మీద, సన్న గళ్ల మీద సెన్సరు గడులు నేత గడులతో తగువుపడి ఇంద్రధనుస్సు చారలు లేస్తాయి. మోడల్ ఒక అడుగు వెనక్కి వేస్తే పోతాయి, ఇంకో అడుగు వేస్తే మళ్లీ వస్తాయి. చీర తిరిగి వచ్చేది "ఫొటోలో ఉన్న రంగు కాదు" అనే ఫిర్యాదుతోనే. ఆ షాపువాళ్లు నన్నడిగితే ఆ డబ్బు ముందు మంచి లైట్లకీ, రంగు సరిచేసిన మానిటరుకీ పెట్టమంటాను.

హాసెల్‌బ్లాడ్ దగ్గర ఒక్క సుగుణం మాత్రం నిజంగా డబ్బు చేసేది. లెన్సులోనే ఉండే లీఫ్ షట్టర్. మిట్టమధ్యాహ్నం గండికోట అంచున ప్రీవెడ్డింగ్ షూట్ అనుకోండి. ఐఎస్ఓ 100, ఫ్లాష్ సింక్ 1/200 దగ్గర ఎండకి సరిపడేది ఎఫ్11. ఆ ఎఫ్11ని గెలవాలంటే పెద్ద స్ట్రోబు, దాని బ్యాటరీ, మోసే కుర్రాడు కావాలి. లీఫ్ షట్టరుతో 1/1600లో కూడా ఫ్లాష్ పడుతుంది కాబట్టి ఎఫ్4కి రావొచ్చు. మూడు స్టాపులంటే ఫ్లాష్ బలంలో ఎనిమిదో వంతు చాలు. ఆకాశం నీలంగా నిలుస్తుంది, వెనక లోయ మెత్తబడుతుంది, సంచి బరువు తగ్గుతుంది. ఎన్‌డీ ఫిల్టరు వేస్తే ఎండతోపాటు ఫ్లాష్‌నీ కోసేస్తుంది కనుక ఈ లాభం దానితో రాదు. పెద్ద స్ట్రోబులు పూర్తి బలంతో కొట్టినప్పుడు వెలుగు కొంచెం నిదానంగా ఆరుతుంది, వేగం మరీ పెంచితే ఆ తోక తెగిపోతుంది. అది గుర్తుంచుకోవాలి. ఫుజీ మార్చుకునే లెన్సుల్లో ఈ సౌకర్యం లేదు, ఆ కెమెరాల సింక్ 1/125 దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు సోనీ ఏ9 త్రీలో గ్లోబల్ షట్టరు వచ్చి ఏ వేగంలోనైనా ఫ్లాష్ సింక్ అవుతోంది. 24 మెగాపిక్సెళ్లే కావొచ్చు, కానీ ఈ కోటకి కూడా బీట పడింది.

పందిట్లో పెడితే

తలంబ్రాల ఘట్టం చూడండి. దోసిట్లోంచి బియ్యం లేచి, నెత్తిమీదికి చేరి, ఇద్దరి మొహాల్లో నవ్వు పుట్టేది ఒక్క క్షణం. జీఎఫ్ఎక్స్ 100 ఎస్ సెకనుకి అయిదు ఫ్రేములు. సోనీ ఏ వన్ ముప్ఫై. చప్పుడు రాకుండా ఎలక్ట్రానిక్ షట్టరు పెడదామంటే, జీఎఫ్ఎక్స్ సెన్సరు పైనుంచి కిందికి చదవడానికి సెకనులో పదో వంతు కంటే ఎక్కువే పడుతుంది. పడే బియ్యం వంగి గీతలవుతాయి, ఫంక్షన్ హాలు ఎల్‌ఈడీ లైట్ల కింద అడ్డ చారలొస్తాయి. జీఎఫ్ఎక్స్ 100 టూలో ఆటోఫోకస్, వేగం మెరుగుపడ్డాయి, అయినా ఆ పరుగుపందెంలో అది వెనకే. ఎఫ్2.8లో 70-200 లాంటి లెన్సు ఈ కుటుంబంలో లేదు. ఫొటో జూములన్నీ ఎఫ్4 నుంచి ఎఫ్5.6 మధ్యే. అంటే సెన్సరు ఇచ్చిన మూడింట రెండొంతుల స్టాపునీ లెన్సు పట్టుకుపోయింది. ఫైళ్లు సరేసరి. కంప్రెస్ చేయని 16 బిట్ ఫైలు ఒకటి 200 మెగాబైట్లు. నాలుగు వేల ఫ్రేములు తీసే పెళ్లికి ఎనిమిది వందల జీబీ, బ్యాకప్‌తో రెట్టింపు. కంప్రెస్ చేసుకుంటే సగానికి వస్తుంది, ఆ సగం కూడా తక్కువేం కాదు. పెళ్లికూతురిని విడిగా, పావుగంట కూర్చోబెట్టి తీసే పోర్ట్రెయిట్ ఉంటే మాట వేరు. ఆ పావుగంటకి ఇది బాగుంటుంది.

అందుకే ఈ కెమెరాని చాలామంది కొనకుండా వాడుకోవడమే తెలివి. హైదరాబాదు, చెన్నై, ముంబైలలో రోజు అద్దెకి దొరుకుతాయి. క్లయింటు అడిగితే అద్దెని విడిగా బిల్లులో చూపొచ్చు. నెలలో ఎన్ని రోజులు ఈ కెమెరా లేకపోతే పని జరగదో రాసుకుని, ఆ రోజుల అద్దెని ఏడాదికి కూడితే, అది బాడీ, రెండు లెన్సుల వాయిదాని దాటిందా లేదా తేలిపోతుంది. కొంటే రెండో బాడీ ఎక్కడనేది ఇంకో ప్రశ్న. మెయిన్ కెమెరా మొరాయిస్తే ఫుల్ ఫ్రేమ్‌కి పక్క ఊరి మిత్రుడు సాయం చేస్తాడు. దీనికి చేసేవాడు జిల్లాకి ఒకడుంటే గొప్ప. రిపేరుకి వెళ్లిన లెన్సు తిరిగొచ్చేదాకా చేతిలో ఉన్న ఆర్డర్లు ఆగవు.

ఆశ చావనివాళ్లకి సెకండ్ హ్యాండ్ ఒక దారి. జీఎఫ్ఎక్స్ 50 ఆర్, 50 ఎస్ టూ లాంటివాటిలో 51 మెగాపిక్సెళ్ల సెన్సరు 2014 నాటి తరానిదే అయినా స్టూడియో పోర్ట్రెయిట్‌కి, క్యాటలాగుకి ఇవాళ్టికీ లోటు చేయదు. వాటి ఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతిది, చీకట్లో తడుముకుంటుంది. పరుగెత్తే పిల్లల్ని తీసేవాళ్లు వాటి జోలికి పోకూడదు. మౌంటు మార్చి పాత మమియా, పెంటాక్స్ 645 లెన్సులు తగిలించుకోవచ్చు, చేత్తో ఫోకస్ చేసే ఓపిక ఉంటే. ఇంకా చవకగా పాత సీసీడీ బ్యాకులు కూడా బజారులో కనబడతాయి, "ఆ రంగులు మళ్లీ రావు" అనే మాటతో. ఎండలో, ఐఎస్ఓ 50లో ఆ రంగులు నిజంగానే ముచ్చటగా ఉంటాయి. కొనేముందు బ్యాటరీ కొత్తది దొరుకుతుందో లేదో చూసుకోండి. కంప్యూటరుకి కట్టే తీగ ఫైర్‌వైర్ అయితే, ఆ పోర్టు ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి వెతుక్కోవాల్సి వస్తుంది. దాని ధర కూడా బ్యాకు ధరలో కలుపుకుని బేరమాడండి.